అణు నియంత్రణ సంస్థను లెక్క అడిగేదెవరు?

2002 మార్చి మొదటివారం. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఎరీ సరస్సు ఒడ్డున ఉన్న డేవిస్-బెస్సీ అణు విద్యుత్ కేంద్రం. ఇంధనం మార్చడానికి రియాక్టర్‌ను ఆపారు. దాని ఉక్కు మూతలోంచి లోపలికి వెళ్లే గొట్టాల్లో పగుళ్లుంటే బాగుచేస్తున్నారు. ఒక గొట్టం దగ్గర పని జరుగుతుండగా అది కదిలి కాస్త పక్కకు వాలింది. ఆరున్నర అంగుళాల మందమున్న ఉక్కులో దిగ్గొట్టిన గొట్టం వాలడమేమిటని, చుట్టూ పేరుకుపోయిన బోరిక్ ఆమ్లపు గడ్డలు తీసి చూశారు. అక్కడ ఉక్కు లేదు. సన్నటి పగుళ్లలోంచి కారిన నీళ్లతో పాటు వచ్చిన ఆమ్లం, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా మూతను తినేసి పెద్ద గుంట చేసింది. అడుగున మిగిలింది సెంటీమీటరు మందం కూడా లేని స్టెయిన్‌లెస్ స్టీల్ పొర ఒక్కటే. అది తుప్పు పట్టకుండా లోపలివైపు వేసిన పూత, బరువు మోయడానికి వేసింది కాదు. వాతావరణ పీడనానికి సుమారు 150 రెట్ల పీడనాన్ని ఆ చోట ఆపి ఉంచింది ఆ పూతే.

కంపెనీ నిర్లక్ష్యం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మూత మీద నుంచి తుప్పు రంగు ధారలు కారుతున్న ఫోటో 2000 లోనే వాళ్ల దగ్గరుంది. రెండేళ్ల పాటు ప్లాంటు మూతపడింది, నియంత్రణ సంస్థ 54.5 లక్షల డాలర్ల జరిమానా వేసింది, ప్రాసిక్యూషన్ తప్పించుకోవడానికి కంపెనీ 2.8 కోట్ల డాలర్లు కట్టింది. ఇదంతా రికార్డులో ఉంది. ఎక్కువ మాట్లాడుకోవాల్సింది నియంత్రణ సంస్థ గురించి.

అమెరికాలో అణు భద్రతను చూసేది న్యూక్లియర్ రెగ్యులేటరీ కమిషన్, పొట్టిగా ఎన్‌ఆర్‌సీ. (మన పౌర పట్టిక ఎన్‌ఆర్‌సీకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.) వేరే ప్లాంట్లలో ఇలాంటి గొట్టాలకు పగుళ్లు కనబడ్డాయని 2001 ఆగస్టులో ఎన్‌ఆర్‌సీ అందరికీ బులెటిన్ పంపింది. ఆ రకం పగుళ్లకు ఎక్కువ అవకాశమున్న ప్లాంట్లు డిసెంబరు 31 లోపు తనిఖీ చేసుకోవాలంది. డేవిస్-బెస్సీ యాజమాన్యం, ఎలాగూ వసంతంలో ఇంధనం మార్చడానికి ఆపుతాం కదా, అప్పుడే చూస్తామంది. ఎన్‌ఆర్‌సీ సిబ్బందిలో కొందరు ఒప్పుకోలేదు. నవంబరులో ప్లాంటు ఆపమని ఉత్తర్వు ముసాయిదా కూడా తయారుచేశారు. అలాంటి ఉత్తర్వు చిన్న విషయం కాదు. 1987 లో పెన్సిల్వేనియాలోని పీచ్ బాటమ్ ప్లాంటులో ఆపరేటర్లు డ్యూటీలో నిద్రపోతున్నారని తేలినప్పుడు అలా ఆపించారు. చివరికి ఈ ముసాయిదా సంతకం దాకా వెళ్లలేదు. మధ్యేమార్గంగా ఫిబ్రవరి 16 దాకా నడుపుకోమన్నారు. మార్చిలో గుంట బయటపడింది.

ఇక్కడ ఎన్‌ఆర్‌సీ చేసిన పనిని ఎవరు పరిశీలించాలి? కంపెనీని పరిశీలించేది ఎన్‌ఆర్‌సీ. మరి ఎన్‌ఆర్‌సీని? ఆ పని చేసింది అదే భవనంలో కూర్చునే ఇంకో చిన్న కార్యాలయం, ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు. 2002 డిసెంబరు 30 న అది ఇచ్చిన నివేదిక సారాంశం రెండు మాటలు. ఒకటి, గడువు పొడిగించడంలో కంపెనీకి కలిగే ఆర్థిక నష్టాన్ని తగ్గించాలన్న కోరిక చాలా మేరకు పనిచేసింది. రెండు, ప్రమాదం ఉందని పూర్తి రుజువు దొరికితే తప్ప ఆపకూడదన్న అలవాటు సిబ్బందిలో తెలియకుండానే పాతుకుపోయింది. భద్రంగా ఉందని కంపెనీ నిరూపించుకోవాల్సింది పోయి, భద్రంగా లేదని నియంత్రణ సంస్థే నిరూపించాల్సి వచ్చిందన్నమాట.

అప్పటి ఛైర్మన్ రిచర్డ్ మెసర్వ్ దీన్ని ఒప్పుకోలేదు. నిర్ణయం భద్రత ఆధారంగానే తీసుకున్నామని, నివేదిక సిబ్బందికి అన్యాయం చేసిందని జవాబిచ్చారు. ఆయన వాదనలో పస లేకపోలేదు. అప్పటికి వాళ్ల దగ్గరున్న సమాచారం పగుళ్ల గురించే, ఆమ్లం మూతను తినేస్తోందని ఎవరూ ఊహించలేదు. అయినా ఈ వ్యవహారంలో గమనించాల్సింది ఎవరు నెగ్గారన్నది కాదు. ఛైర్మన్‌కు కోపం తెప్పించిన నివేదిక అదే సంస్థ లోపలి నుంచి వచ్చింది. దాన్ని ఆపడం ఆయన వల్ల కాలేదు.

మన దగ్గర ఇలాంటి చోట కంచే చేను మేసిందనే సామెత వాడేస్తారు. డేవిస్-బెస్సీలో జరిగింది సరిగ్గా అది కాదు. కంచె చేను మేయలేదు. చేను గలాయన నష్టపోతాడేమోనని గేటు ఇంకో ఆరు వారాలు తీసి ఉంచింది. లంచం లేదు, కుట్ర లేదు. ఎదురుగా కూర్చున్న మనిషి ఇబ్బంది మీద సానుభూతి ఉంది, అంతే. నియంత్రణ సంస్థల్లో అవినీతి కంటే ఈ సానుభూతినే పట్టుకోవడం కష్టం, ఎందుకంటే దాన్ని చూపించినవాళ్లకు కూడా అది తప్పులా అనిపించదు.

ఆపలేని ఆఫీసు

ఈ ఏర్పాటు ఒక్కరోజులో వచ్చింది కాదు. మొదట్లో అమెరికాలో అణుశక్తిని పెంచే పనీ, అదుపు చేసే పనీ ఒకే అటామిక్ ఎనర్జీ కమిషన్ చేతిలో ఉండేవి. ఒకే చేత్తో గ్యాసూ బ్రేకూ నొక్కితే ఏమవుతుందో అందరికీ అర్థమయ్యాక 1974 చట్టంతో దాన్ని విడదీశారు. 1975 జనవరిలో ఎన్‌ఆర్‌సీ పని మొదలుపెట్టింది. అయిదుగురు సభ్యులు (కమిషనర్లు), ఒక్కొక్కరికి అయిదేళ్ల పదవి, ఒకే పార్టీ వాళ్లు ముగ్గురికి మించకూడదు.

విడదీయడంతోనే చనువు పోతుందా? పోలేదు. నియంత్రణ సంస్థకూ పరిశ్రమకూ మధ్య చనువు మరీ ఎక్కువైందని, దాదాపు ఆ మాటే శీర్షికగా పెట్టి 1987 డిసెంబరులో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ఒక నివేదిక ఇచ్చింది. అప్పట్లో ఎన్‌ఆర్‌సీలో లోపలి తనిఖీ విభాగం ఉండేది గానీ, అది కమిషనర్ల కిందే పనిచేసేది. కమిషనర్ మీదే ఆరోపణ వస్తే ఆ విభాగం ఎంత దూరం వెళ్లగలదో చెప్పక్కర్లేదు. 1988 లో ఇన్‌స్పెక్టర్ జనరల్ చట్టాన్ని సవరించి ఎన్‌ఆర్‌సీని కూడా అందులో చేర్చారు. 1989 ఏప్రిల్‌లో కొత్త ఆఫీసు మొదలైంది.

చట్టంలోని ఏర్పాటు చదివితే చిత్రంగా ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ జనరల్ ఉండేది సంస్థ అధిపతి పర్యవేక్షణలోనే. కానీ ఏ ఆడిట్‌నూ, ఏ దర్యాప్తునూ మొదలుపెట్టవద్దనీ ఆపేయమనీ ఆ అధిపతి చెప్పడానికి వీల్లేదు. నియమించేది అధ్యక్షుడు, ఖరారు చేసేది సెనేట్. సంస్థలోని ఏ ఫైలైనా తెప్పించుకోవచ్చు, బయటివాళ్ల నుంచి పత్రాల కోసం సమన్లు పంపొచ్చు, తన సిబ్బందిని తనే పెట్టుకోవచ్చు. ఆరు నెలలకోసారి కాంగ్రెస్‌కు నివేదిక వెళ్లాలి. అది సంస్థ అధిపతి చేతుల మీదుగానే వెళ్తుంది. ఆయన దానికి తన వ్యాఖ్య జతచేయొచ్చు గానీ లోపల ఒక్క ముక్క మార్చకూడదు. మరీ తీవ్రమైన విషయమైతే మామూలు నివేదిక దాకా ఆగకుండా రాస్తారు. అప్పుడు అధిపతి ఏడు రోజుల్లో దాన్ని కాంగ్రెస్‌కు పంపి తీరాలి.

లోపల ఉండి బయటివాడిలా ప్రవర్తించడమంటే ఇదే. పూర్తిగా బయటి సంస్థ అయితే ఫైళ్లు అడిగి తెచ్చుకునేసరికే నెలలు గడుస్తాయి. పైగా ఫలానా మీటింగులో ఎవరు మాట మార్చారో, ఏ ముసాయిదా ఎవరి టేబుల్ మీద ఆగిందో దానికి తెలియదు. పూర్తిగా లోపలిదైతే ప్రమోషన్ టెన్షన్ ఉంటుంది. ఈ రెంటికీ మధ్యన నిలబెట్టడానికి చట్టం చాలా తంటాలు పడింది.

ఒక పని మాత్రం ఇన్‌స్పెక్టర్ జనరల్‌కు ఇవ్వకుండా జాగ్రత్తపడింది. అది నిర్ణయాలు తీసుకోవడం. సంస్థ అసలు కార్యక్రమాల బాధ్యతను ఈ ఆఫీసుకు బదిలీ చేయకూడదని చట్టమే చెబుతోంది. ఏ రియాక్టర్‌ను ఆపాలో, ఏ లైసెన్సు ఇవ్వాలో ఆయన చెప్పలేరు. ఆ నిర్ణయానికి ఎలా వచ్చారు, దేన్ని చూశారు, దేన్ని చూడకుండా వదిలేశారు అనేది మాత్రమే అడగగలరు. ఇది బలహీనతలా కనిపిస్తుంది గానీ అసలు బలం ఇక్కడే ఉంది. నిర్ణయంలో చెయ్యి పెట్టినవాడు రేపు ఆ నిర్ణయాన్నే తప్పుపట్టలేడు.

ఆ ఆఫీసుకు దొరికినవి

మొదట్లోనే దొరికిన పెద్ద కేసు థర్మో-లాగ్. దీని వెనక ఇంకో పాత కథ ఉంది. 1975 మార్చిలో అలబామాలోని బ్రౌన్స్ ఫెర్రీ ప్లాంటులో గాలి ఎక్కడ లీకవుతోందో చూడటానికి ఒక కార్మికుడు కొవ్వొత్తి పట్టుకున్నాడు. నురుగు సీలింగు అంటుకుంది, మంటలు కేబుళ్లకు పాకి గంటల పాటు కాలాయి. అణు విద్యుత్ కేంద్రంలో లీకు పట్టడానికి కొవ్వొత్తి! ఆ తర్వాత ముఖ్యమైన కేబుళ్లు కాలకుండా చుట్టూ అగ్నినిరోధక పదార్థం కప్పాలని నిబంధన వచ్చింది. చాలా ప్లాంట్లు థర్మో-లాగ్ అనే సరుకు వాడాయి. అది చెప్పినంత సేపు మంటను ఆపలేదు. కంపెనీ పరీక్ష నివేదికలను సరిగా సరిచూడకుండానే ఎన్‌ఆర్‌సీ సిబ్బంది ఒప్పుకున్నారనీ, ఫిర్యాదులొచ్చినా ఏళ్ల తరబడి పట్టించుకోలేదనీ 1992 లో ఇన్‌స్పెక్టర్ జనరల్ తేల్చారు.

2011 లో వచ్చిన నివేదిక ఏకంగా ఛైర్మన్ మీదే. నెవాడాలోని యుక్కా పర్వతం కింద వాడేసిన అణు ఇంధనాన్ని పాతిపెట్టే ప్రతిపాదన మీద ఎన్‌ఆర్‌సీ చేస్తున్న సమీక్షను ఛైర్మన్ గ్రెగరీ జాజ్కో ఆపించారు. తోటి కమిషనర్లకు పూర్తి సమాచారం ఇవ్వకుండా చేశారన్నది ఆరోపణ. సమాచారం విషయంలో ఆయన దాపరికం చూపారని ఇన్‌స్పెక్టర్ జనరల్ రాశారు, అదే నివేదికలో ఆయన తన అధికార పరిధి దాటలేదని కూడా రాశారు. రెండు వైపులకూ పూర్తి సంతోషం దక్కలేదు. ఇలాంటి నివేదికల మీదే నమ్మకం కుదురుతుంది. జాజ్కో 2012 లో రాజీనామా చేశారు.

2020 ఫిబ్రవరి నివేదిక న్యూయార్క్ దగ్గరి ఇండియన్ పాయింట్ ప్లాంటు గురించి. దాని పక్కనుంచి 42 అంగుళాల గ్యాసు పైపులైను వేస్తుంటే, పగిలితే ప్లాంటుకు ముప్పుందా లేదా అని ఎన్‌ఆర్‌సీ లెక్క కట్టాలి. కట్టింది గానీ, కాగితం మీద గబగబా వేసుకున్న లెక్క లాంటిది అది. పైపు పగిలిన కొద్ది నిమిషాల్లోనే గ్యాసు ఆపేయగలరని అనుకోవడం అందులోని ఊహల్లో ఒకటి. నివేదిక వచ్చాక ఎన్‌ఆర్‌సీ నిపుణుల బృందాన్ని వేసింది. ప్లాంటు భద్రంగానే ఉందని, కానీ లెక్కలో ఊహలు మరీ ఆశావహంగా ఉన్నాయని ఆ బృందం చెప్పింది.

అంటే జవాబు సరైనదే, లెక్క చేసిన తీరు తప్పు. స్కూల్లో అయితే ఫుల్ మార్కులు పడతాయి. నియంత్రణలో పడకూడదు. ఈసారి జవాబు కలిసొచ్చింది కదా అని ఆ పద్ధతే వదిలేస్తే, తర్వాతిసారి పైపు ఇంకో ప్లాంటు పక్కనుంచి పోతుంది.

ఈ ఆఫీసుకు లేనివి కూడా చెప్పుకోవాలి. అందులో ఎక్కువమంది ఆడిటర్లు, దర్యాప్తు అధికారులు. రియాక్టర్ భౌతికశాస్త్రం తెలిసినవాళ్లు కొద్దిమందే. సాంకేతిక వివాదం ముదిరితే సంస్థ ఇంజనీర్లు తేలిగ్గా తోసిపుచ్చగలరు, డేవిస్-బెస్సీ నివేదిక మీద వచ్చిన విమర్శల్లో అదీ ఒకటి. సిఫార్సులే తప్ప ఆదేశాలుండవు. సంస్థ ఒప్పుకున్నట్టే ఒప్పుకుని ఏళ్ల తరబడి అమలు చేయకపోతే, మళ్లీ ఇంకో నివేదికలో ఆ మాట రాయడమే.

చెప్పినవాడి పేరు

ఏ తనిఖీ ఆఫీసుకైనా మొదటి సమాచారం ఎక్కువగా లోపలి ఉద్యోగి నుంచే వస్తుంది. అందుకే ఫిర్యాదు చేసిన ఉద్యోగి పేరు అతని సమ్మతి లేకుండా, తప్పనిసరైతే తప్ప, బయటపెట్టకూడదని ఇన్‌స్పెక్టర్ జనరల్ చట్టంలో ఉంది. ఇది మర్యాద కోసం పెట్టిన వాక్యం కాదని జపాన్ అనుభవం చూస్తే తెలుస్తుంది.

ఫుకుషిమా రియాక్టర్లలో తనిఖీ చేసిన ఒక ఇంజనీరు, పగుళ్ల రికార్డులు మార్చేశారని 2000 లో జపాన్ ప్రభుత్వానికి ఉత్తరం రాశాడు. నియంత్రణ అధికారులు దర్యాప్తు చేయమని ఎవరి మీద ఫిర్యాదో ఆ టెప్కో కంపెనీనే అడిగారు. దాంతో పాటు ఫిర్యాదుదారు పేరు కూడా వాళ్లకు అందించారు. విషయం బయటికి రావడానికి రెండేళ్లు పట్టింది. 2002 ఆగస్టులో వచ్చినప్పుడు టెప్కో అధ్యక్షుడు రాజీనామా చేశాడు, ఆ కంపెనీకి చెందిన 17 రియాక్టర్లూ ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. నియంత్రణ సంస్థ మాత్రం దాదాపు అలాగే ఉండిపోయింది. దాని పేరు నీసా. అణు విద్యుత్తును ప్రోత్సహించే ఆర్థిక, పరిశ్రమల మంత్రిత్వ శాఖలోనే అది ఒక విభాగం. అధికారులు ఇవాళ నియంత్రణలో, రేపు ప్రోత్సాహంలో పనిచేసేవాళ్లు. అణు విద్యుత్తు మీద పెట్టిన బహిరంగ సభల్లో అనుకూల ప్రశ్నలు అడిగించమని విద్యుత్ కంపెనీలకు నీసా అధికారులే చెప్పారని 2011 లో బయటపడింది. కాపలా కాయాల్సినవాడే చప్పట్లు కొట్టే జనాన్ని పోగు చేశాడు.

2011 మార్చి 11 సునామీ తర్వాత జపాన్ పార్లమెంటు వేసిన స్వతంత్ర కమిషన్, 2012 జూలైలో ఇచ్చిన నివేదికలో ఫుకుషిమాలో జరిగినదాన్ని మనుషులు తెచ్చిపెట్టిన ప్రమాదంగా తేల్చింది. నియంత్రించేవాళ్లు నియంత్రణకు లోబడాల్సినవాళ్ల చేతుల్లోకి వెళ్లిపోయారంది. అదే ఏడాది సెప్టెంబరులో నీసా రద్దయి కొత్త స్వతంత్ర సంస్థ వచ్చింది. అందులో చేరిన అధికారులు తిరిగి ప్రోత్సాహక శాఖలకు వెళ్లకూడదన్న నియమం పెట్టారు. వేలాది పేజీల సంస్కరణల్లో ఈ ఒక్క నియమానికి విలువ ఎక్కువ అనిపిస్తుంది. రేపు తన బాస్ ఎవరవుతారో తెలిసిన అధికారి ఇవాళ ఎవరిని నొప్పించాలో ఆలోచించుకుంటాడు మరి.

సొంత సిబ్బంది భిన్నాభిప్రాయాన్ని రికార్డు చేసే పద్ధతి కూడా ఎన్‌ఆర్‌సీలో ఉంది. నిర్ణయంతో విభేదించే ఉద్యోగి లిఖితపూర్వకంగా పెడితే వేరే బృందం పరిశీలించి జవాబివ్వాలి. చాలాసార్లు ఆ అభ్యంతరం వీగిపోతుంది. కానీ కాగితం మిగులుతుంది.

స్వతంత్రం ఎవరి నుంచి?

ఇంతవరకూ పరిశ్రమ నుంచి దూరం గురించి చెప్పుకున్నాం. ప్రభుత్వం నుంచి దూరం ఇంకో సమస్య. 2007 నవంబరులో కెనడాలోని చాక్ రివర్‌లో ఉన్న పాత పరిశోధన రియాక్టర్ మరమ్మతుల కోసం ఆగింది. లైసెన్సు ప్రకారం ఉండాల్సిన అత్యవసర విద్యుత్ ఏర్పాటు రెండు పంపులకు లేదని తేలడంతో, అది పూర్తయ్యేదాకా నడపడం కుదరలేదు. ప్రపంచంలో రోగ నిర్ధారణ పరీక్షలకు వాడే వైద్య ఐసోటోపుల్లో చాలా భాగం అక్కడే తయారయ్యేవి. ఆసుపత్రుల్లో కొరత వచ్చింది. పార్లమెంటు డిసెంబరులో ప్రత్యేక చట్టం చేసి రియాక్టర్‌ను నడిపించింది, 2008 జనవరిలో నియంత్రణ సంస్థ అధ్యక్షురాలు లిండా కీన్‌ను ప్రభుత్వం ఆ పదవి నుంచి తీసేసింది.

ప్రజలు ఎన్నుకున్న పార్లమెంటు బాధ్యత తీసుకుని చట్టం చేయడంలో తప్పేముందని అడగొచ్చు. చట్టం చేయడం వరకు తప్పు లేదు, అది అందరి ఎదుటా జరిగింది. నిబంధన అమలు చేసినందుకు అధిపతిని తీసేయడం వేరే పని. జవాబుదారీతనం పేరుతో స్వతంత్రం ఎలా పోతుందో అక్కడ కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో అణు భద్రతా సంస్థ సభ్యులకు ఆరేళ్ల పదవి, మళ్లీ నియమించడానికి వీల్లేదు. రెండోసారి పదవి ఆశ లేకపోతే ఎవరినీ మెప్పించే అవసరం కొంత తగ్గుతుంది.

డబ్బు సంగతి కూడా ఉంది. ఎన్‌ఆర్‌సీ బడ్జెట్‌లో ఎక్కువ భాగం లైసెన్సుదారుల నుంచి వసూలు చేసే రుసుముల నుంచే వస్తుంది. పన్ను కట్టేవాళ్ల మీద భారం లేదన్నది మంచి మాటే. మా డబ్బుతో నడుస్తూ ఇంత ఆలస్యమా అని కంపెనీలు అడగడానికి అవకాశమిచ్చేదీ అదే.

భారత్‌లో లెక్క అడిగింది కాగ్

మన అణుశక్తి నియంత్రణ బోర్డు, ఏఈఆర్‌బీ, 1983 నవంబరు 15 న రాష్ట్రపతి ఉత్తర్వుతో ఏర్పడింది. చట్టంతో కాదు, ఉత్తర్వుతో. ఆ ఏర్పాటులో బోర్డు నివేదించాల్సింది అణుశక్తి కమిషన్‌కు. ఆ కమిషన్ ఛైర్మనే అణుశక్తి శాఖ కార్యదర్శి. రియాక్టర్లు నడిపే ఎన్‌పీసీఐఎల్ ఆ శాఖ కిందే ఉంటుంది. ఎవరు ఎవరికి జవాబుదారీయో తెలియాలంటే కాగితం మీద బొమ్మ గీసుకోవాలి, గీశాక బాణాలన్నీ ఒకే గదికి చేరతాయి. 1990ల్లో బోర్డు ఛైర్మన్‌గా చేసిన ఎ.గోపాలకృష్ణన్ పదవి దిగాక ఈ విషయాన్నే ఏళ్ల తరబడి బహిరంగంగా చెప్పారు.

లోపల ఇన్‌స్పెక్టర్ జనరల్ లాంటి ఏర్పాటు లేనప్పుడు ఆ పనిలో కొంత ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ చేసింది. 2012 ఆగస్టులో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక రియాక్టర్ల జోలికి వెళ్లేలోపే ఎక్స్‌రే గదుల దగ్గర ఆగి చదవాల్సి వస్తుంది. దేశంలో ఉన్న 57,443 వైద్య ఎక్స్‌రే యూనిట్లలో బోర్డు దగ్గర నమోదైనవి 5,270. మిగతా 91 శాతం ఎవరి లెక్కలోనూ లేవు. నియమాలు ఉల్లంఘిస్తే అప్పట్లో వేయగల జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలు. బోర్డు పెట్టిన ఉత్తర్వులోనే దేశానికి రేడియేషన్ భద్రతా విధానం తయారుచేయాలని ఉంటే, 29 ఏళ్లకీ ఆ విధానం లేదు. మరుసటి ఏడాది పార్లమెంటు ప్రజా పద్దుల సంఘం కూడా ఇవే విషయాలు పట్టుకుని అడిగింది. ఆ తర్వాత నమోదుకు ఈ-లోరా అనే ఆన్‌లైన్ వ్యవస్థ విస్తరించింది.

కాగ్ బలం బయట ఉండటం. దాని పరిమితి కూడా అదే. ఒకసారి వచ్చి, చూసి, రాసి వెళ్లిపోతుంది. రోజూ అదే కారిడార్‌లో నడిచి, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో కనిపెట్టి ఉండదు. ఫుకుషిమా తర్వాత 2011 లో తెచ్చిన అణు భద్రతా నియంత్రణ ప్రాధికార బిల్లు 2014 లో లోక్‌సభతో పాటే మురిగిపోయింది. 2015 లో వచ్చిన అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిపుణుల బృందం కూడా బోర్డు స్వతంత్రాన్ని చట్టంలో పెట్టమంది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన ‘శాంతి’ (SHANTI) అనే అణుశక్తి చట్టం ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా ఇచ్చింది. ప్రైవేటు కంపెనీలను అణు విద్యుత్తులోకి రానిచ్చే చట్టం కూడా అదే. అంటే ఇన్నాళ్లూ ప్రభుత్వ సంస్థలతో వ్యవహరించిన బోర్డు ఇక ప్రతిరోజూ నష్టం లెక్కపెట్టుకునే కంపెనీలకు ఎదురుగా కూర్చోవాలి. డేవిస్-బెస్సీ రకం సానుభూతి పుట్టేది ఆ బల్ల దగ్గరే.

అమెరికాలోనే ఏర్పాటు సడలుతోంది

పాఠాలు చెప్పే స్థితిలో ఇప్పుడు అమెరికా కూడా లేదు. 2025 జనవరిలో అధ్యక్షుడు ట్రంప్ ఒకే రాత్రి పలు ప్రభుత్వ శాఖల ఇన్‌స్పెక్టర్ జనరళ్లను తొలగించారు. తొలగించే ముందు 30 రోజుల నోటీసుతో కాంగ్రెస్‌కు కారణాలు చెప్పాలని చట్టంలో ఉంది, అది జరగలేదు. తొలగింపు చట్టవిరుద్ధమని సెప్టెంబరులో ఫెడరల్ జడ్జి తేల్చారు గానీ, వాళ్లను తిరిగి పదవుల్లో కూర్చోబెట్టలేదు. జూన్‌లో ఎన్‌ఆర్‌సీ కమిషనర్ క్రిస్టఫర్ హాన్సన్‌ను తొలగించారు. అసమర్థత, విధి నిర్లక్ష్యం, దుష్ప్రవర్తన, ఈ మూడింట్లో ఏదో ఒకటుంటేనే కమిషనర్‌ను తీసేయొచ్చని చట్టం చెబుతోంది. తనకు ఏ కారణమూ చెప్పలేదన్నారు హాన్సన్.

అదే ఏడాది మే నెలలో వచ్చిన అధ్యక్ష ఉత్తర్వు, కొత్త రియాక్టర్ల దరఖాస్తుల మీద 18 నెలల్లోపు నిర్ణయం తేల్చాలని ఎన్‌ఆర్‌సీకి గడువు పెట్టింది. ఎన్‌ఆర్‌సీ నత్తనడక మీద ఫిర్యాదులు కొత్తవి కావు, వాటిలో చాలా నిజమూ ఉంది. గడువులో తప్పు లేదు. కాకపోతే గడువు దగ్గరపడుతున్నప్పుడు ఒక ఇంజనీరుకు అనుమానం వస్తే ఏం చేస్తాడు, ఆ అనుమానం ఫైల్లోకి ఎక్కుతుందా లేదా అన్నది తర్వాత లెక్క అడిగేవాళ్లకు చాలా ముఖ్యం. ఇన్‌స్పెక్టర్ జనరల్‌కు కనిపించేది రాసిపెట్టిందే. డేవిస్-బెస్సీకి ఫిబ్రవరి దాకా గడువిచ్చిన నిర్ణయం 2001 చివర్లో జరిగింది. దానికి ఆధారమైన సాంకేతిక విశ్లేషణను ఎన్‌ఆర్‌సీ రాతపూర్వకంగా కంపెనీకి పంపింది 2002 డిసెంబరులో, మూతలో గుంట బయటపడిన తొమ్మిది నెలల తర్వాత.